గుడి అడగని పేరు

మంగళగిరిలో మా మగ్గాల వీధికి మంచినీళ్ళ కుళాయి వచ్చింది. జనవరి 26న జెండా ఎగరేసి, ఆ వెంటనే కుళాయి తిప్పాలన్నారు. ముందురోజు రాత్రి పెద్దలంతా అరుగు మీద చేరారు. పేచీ నీళ్ళ దగ్గర రాలేదు, పాట దగ్గర వచ్చింది. ఏ ప్రార్థనతో మొదలుపెట్టాలి?

"నరసింహస్వామి ఊరు ఇది. ఆయన్ని తలుచుకోకుండా పనెట్టా మొదలవుద్ది?" అన్నాడొకాయన. "మరి మా ప్రార్థనో?" అన్నాడు చర్చి పెద్ద. మసీదు పెద్ద ఏమీ అనలేదు గానీ, లేచి చెప్పుల కోసం వెతుక్కోసాగాడు.

బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తోచింది చెప్పాను.

"ఈ కుళాయి పన్నుల డబ్బుతో వచ్చింది. అందులో మనందరి డబ్బూ ఉంది, దేవుడే లేడనేవాడి డబ్బూ ఉంది. రేపు మనం చేసుకునేది రాజ్యాంగం పండగ. ఆ రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెడదామని 1949 అక్టోబరులో ఒక సవరణ వచ్చింది. కావాలన్నవాళ్ళు 41 మంది, వద్దన్నవాళ్ళు 68 మంది. సవరణ వీగిపోయింది. బళ్ళో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ చూడండి. మన తెలుగాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో రాశారు. అందులో దేశం ఉంది, సోదరులున్నారు, పెద్దల మీద గౌరవం ఉంది. ఏ దేవుడి పేరూ లేదు. అందుకే ఏ ఇంటి పిల్లాడైనా గొంతెత్తి చెప్పగలుగుతున్నాడు. ప్రతిజ్ఞ చెప్పిద్దాం, జనగణమన పాడదాం, నీళ్ళు వదులుదాం. పూజలు ఎవరింట్లో వాళ్ళు చేసుకుందాం."

"అదేంది మాస్టారూ, అశుభం!" అన్నారు.

చివరికి తీర్పు చెప్పారు. మూడు మతాల ప్రార్థనలూ ఉంటాయి. తలా అయిదు నిమిషాలు. మధ్యమధ్యలో నాదస్వరం. ఎవరికీ అన్యాయం జరగదు.

"జరుగుద్ది," అన్నాను. "మూడు పెడితే నాలుగోవాడు బయట ఉండిపోతాడు. లోపలున్నవాడు కూడా తను ఏ అయిదు నిమిషాల మనిషో చూసుకుంటాడు. ఇవాళ్టిదాకా మనం ఒక వీధి వాళ్ళం. రేపట్నించి మూడు వరసల వాళ్ళం." నా మాట చెల్లలేదు.

తెల్లవారింది. నాదస్వరం పెద్దాయన ప్రకాశం జిల్లా నుంచి రాత్రి బస్సెక్కి వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా. అందరూ చేరేలోగా కాసేపు వాయించమంటే మోహన రాగం అందుకున్నాడు. మాటల్లేవు, రాగం ఒక్కటే. గుంట మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. వేళ్ళకు నూలు పోగులతోనే జనం బయటికొచ్చారు. రాత్రి తగువుపడ్డ ముగ్గురూ వేపచెట్టు కింద పక్కపక్కనే నిలబడి తలలూపుతున్నారు. అప్పటికింకా ఏ ప్రార్థనా మొదలుకాలేదు.

రాగం ముగిసింది. మైకులో పరిచయం చెయ్యాలని కమిటీ కుర్రాడు ఆయన పేరడిగాడు. ఆయన చెప్పాడు. కుర్రాడు చేతిలో కాగితం వంక చూసుకుని, పెద్దల దగ్గరికి పరుగెత్తాడు. కాసేపు గుసగుసలు. మళ్ళీ వచ్చాడు.

"ఏమనుకోమాకండి సాయిబు గారూ. మొదటి ప్రార్థనకి మీరు ఊదొద్దంట. రెండోది మీవాళ్ళది. అదయ్యాక ఊదండి."

ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతోనే 1977లో పద్మశ్రీ అందుకున్నారని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. ఆ వాద్యాన్ని మన సీమలో ఏ ఇళ్ళు తరతరాలుగా బతికించుకొచ్చాయో కూడా చెప్పలేదు. చెబుదామని నేను లేచేలోగా పెద్దాయన నాదస్వరాన్ని కండువాతో తుడిచి, గుడ్డ సంచిలో పెట్టేసుకున్నాడు. గొంతు పెంచలేదు.

"నలభై ఏళ్ళుగా గుళ్ళల్లో ఊదుతున్నా బాబూ. కల్యాణాలకి ఊదా, ఊరేగింపులకి ఊదా. ఏ దేవుడూ నా పేరడగలా. మంచినీళ్ళ కుళాయి అడిగింది."