రెండు జట్ల ఊళ్లో పది బాణీలు

పల్నాటి వీరచరిత్రను కార్డుల ఆటగా కడితే బాగుంటుందన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. బ్రహ్మనాయుడి కుంతం, నాయకురాలు నాగమ్మ ఎత్తులు, బాలచంద్రుడి దూకుడు, మధ్యలో కోడిపుంజులు. ఇంత సిద్ధంగా ఉన్న సరుకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ ఆలోచనను నిజంగానే నెత్తికెత్తుకుని, నరసరావుపేటలో డాబా మీద ప్లాస్టిక్ బల్ల వేసుకుని కూర్చున్న మహానుభావుడు ఈ వ్యాసకర్త. మొదట్లోనే అతనికొక సంగతి తెలిసొచ్చింది. రెండు జట్లుగా విడిపోవడం పల్నాడుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పది జట్లుగా విడగొట్టాలంటేనే తల ప్రాణం తోకకొస్తుంది.

పది ఎందుకో తెలియాలంటే ముందు ఆట తెలియాలి. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ 1993లో 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆటను బయటికి తెచ్చాడు. అందులో ఐదు రంగులు. ఆటగాడు మామూలుగా రెండు రంగులు కలిపి డెక్ కట్టుకుంటాడు. ఐదింట్లోంచి రెండేసి తీస్తే పది జతలు. ఒక్కో జతకూ గెలిచే పద్ధతి ఒక్కోటి ఉండాలి. దాన్ని బాణీ అందాం. డ్రాఫ్ట్ అనే పద్ధతిలో ఎవరి డెక్ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోరు. ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. తలా మూడు ప్యాకెట్లు, 2024 ముందటి లెక్కన ప్యాకెట్‌కు 15 కార్డులు. విప్పి, ఒకటి తీసుకుని, మిగతావి పక్కవాడికి దాటించాలి. పెళ్లి పంక్తిలో కూరగిన్నె మన చేతికే ఇచ్చి, ఒక్క ముక్క వేసుకుని పక్కకు జరపమన్నట్టు. అన్నీ తిరిగేసరికి తలా 45 కార్డులు. వాటిలో ఓ 23 ఏరుకుని, 17 భూమి కార్డులు కలిపి, 40 కార్డులతో పోరు.

రంగుల కోసం వ్యాసకర్త దూరం పోలేదు. కుక్కుట శాస్త్రం ఉండనే ఉంది. తెల్లని సేతు, నల్లని కాకి, ఎర్రని డేగ, పసుపు ఈకల నెమలి, ఎరుపూ బూడిదా కలిసిన మైల. ఐదు రంగులూ కుదిరాయి. మైల అప్పటికే రెండు రంగుల కలగలుపు కదా, దాన్ని ఒక్క రంగుగా ఎలా లెక్కేస్తావని అడిగినవాళ్లకు అతని దగ్గర జవాబు లేదు, టీ మాత్రం ఉంది. ఏ రోజు, ఏ వేళ, ఏ దిక్కున దింపితే ఏ రంగు పుంజు నెగ్గుతుందో ఆ శాస్త్రం చెబుతుంది. బలం ఒక్కరి దగ్గరే ఉండిపోకుండా తిప్పడమన్నమాట. 120 కార్డుల దశావతార గంజీఫాలోనూ అంతే: పగలు రాముడి కార్డుతో, రాత్రి కృష్ణుడి కార్డుతో ఆట మొదలవుతుంది. కార్డుల్లోకి గడియారాన్ని తేవడం మనవాళ్లకు కొత్త కాదు.

బాణీల కోసం అతను కారెంపూడి వెళ్లాడు. అక్కడ ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీర్లగుడి ముందు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని ఊగిపోయేవాళ్ల మధ్య నోట్‌బుక్ తెరిచి నిలబడ్డ మనిషిని చూసి, ఏదో పేపరు విలేకరి అనుకుని జనం దారి ఇచ్చారు. కథలో ముందు కోడిపోరు, ఆ తర్వాత వనవాసం, ఆ పైన రాయబారం. ఉత్సవంలో రాయబారమే ముందు. వరస మార్చినా కథ చెడదని ఊరే ఒప్పుకున్నాక, తను కాస్త అటూఇటూ చేస్తే తప్పేముందని వ్యాసకర్తకు ధైర్యం వచ్చింది.

సేతు-డేగ జత బాలచంద్రుడిది. వేగంగా మీద పడి, తను చచ్చినా వెనకున్నవాళ్లకు బలమిచ్చే బాణీ. సేతు-నెమలి చాపకూడు: చిన్నచిన్న మనుషులు పెద్ద గుంపుగా ఒకే చాప మీద. కాకి-డేగ కోడిపోరు: ఇద్దరూ తమ డెక్ పై కార్డు తిప్పి చూపాలి, ఎవరిది పెద్దదైతే వారిది పందెం. కాకి-మైల నాగమ్మది. ఆమె బల్ల మీద ఉంటే పై కార్డు ముందే చూసుకోవచ్చు, నచ్చకపోతే అడుక్కి తోసేయవచ్చు. మిగతా ఆరూ ఎలాగో ఒకలా కుదిరాయి.

మాచర్ల మేనమామకు మాత్రం ఏదీ కుదరలేదు.

"ఏందిరా అల్లుడూ, మలిదేవరాజు మాచర్ల, నలగామరాజు గురజాల. మాచర్ల కార్డు మాచర్లకే సాయం చెయ్యాల, గురజాల కార్డు గురజాలకే. దీంట్లో ఆలోచించేదేముంది?"

ఆలోచించేది చాలా ఉంది. 2004లో వచ్చిన 'ఛాంపియన్స్ ఆఫ్ కమిగావా' అనే మ్యాజిక్ సెట్‌లో ఆర్కేన్ అనే రకం కార్డులు ఉండేవి. వాటికి అతుక్కునే కార్డులు వాటికే అతుక్కునేవి, బయటివాటితో పొత్తు లేదు. ఇలాంటి బాణీని పట్టినవాడికి ఆ కార్డులన్నీ వస్తే పండగ, సగం వస్తే దండగ. పక్కవాడికి అవి చిత్తుకాగితాలు. దాంతో ఒకరితో ఒకరికి పోటీ ఉండదు, ఎవరి కార్డులు వాళ్లు తీసుకుపోతారు. డ్రాఫ్ట్ కాస్తా రేషన్ షాపు క్యూ అవుతుంది.

లెక్క చూస్తే సంగతి ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఎనిమిది మంది బల్ల మీద 24 ప్యాకెట్లు విప్పుతారు. ప్యాకెట్‌కు పది కామన్ కార్డులు, అంటే తరచుగా దొరికేవి, వేసుకుంటే 240. సెట్‌లో 101 రకాల కామన్లు ఉంటే ఒక్కో రకం రెండో మూడో కనబడుతుంది, అంతే. ఒక బాణీ కాస్త బలంగా ఉన్నా కంగారు అక్కర్లేదు. ముగ్గురు దాని మీద పడి పంచుకుంటారు, ముగ్గురికీ అరకొర డెక్కులే మిగులుతాయి. పట్టించుకోనివాడు హాయిగా గెలుస్తాడు. కాబట్టి తూకం వేసే పని సగం ఆటగాళ్లే చేస్తారు. తయారుచేసినవాడు చూసుకోవాల్సింది, ఒకే కార్డు కోసం ఇద్దరు వేర్వేరు బాణీల వాళ్లు కొట్టుకునేలా ఉందా లేదా అన్నది.

అలాంటి కార్డు కోసం వెతికితే అతనికి పేరిందేవి దొరికింది. నలగామరాజు కూతురు, అవతలి పక్షం అలరాజు భార్య. రెండు జట్లలోనూ కాలున్న మనిషి. ఆ కార్డును రాయబారం బాణీ వాడు కోరుకుంటాడు, నాగమ్మ డెక్ వాడూ కోరుకుంటాడు. అలరాజూ అలాంటివాడే, రాయబారానికి వెళ్లి విషానికి బలైన మనిషి. చిక్కేమిటంటే, రెండు పక్షాలకూ పనికొచ్చేవాళ్లు కథలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఉన్నవాళ్లనూ కథ ముందే చంపేసింది. 12వ శతాబ్దంలో ఎవరూ డ్రాఫ్ట్ గురించి ఆలోచించలేదు మరి.

"నాగమ్మనీ బాలచంద్రుణ్ణీ ఒకే చేతిలో పట్టుకోవచ్చా?" అన్నాడు మామ, అన్నం ముందు నుంచి లేచిపోయేంత పని చేసి.

"పట్టుకోవచ్చు మామయ్యా. గెలవచ్చు కూడా."

మామ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

చాపకూడు బాణీ ఇంకో రకంగా నవ్వించింది. చిన్న మనుషుల గుంపు ఉన్నచోట 'స్కల్‌క్లాంప్'ను తలచుకోకుండా ఉండలేం. అది కూడా 2004 నాటి మ్యాజిక్ కార్డే. తగిలించుకున్న జీవికి దాడిబలం ఒకటి పెంచి, ప్రాణబలం ఒకటి తగ్గిస్తుంది. ఆ జీవి చస్తే రెండు కార్డులు తీసుకోవచ్చు. తగ్గించడం శిక్ష కదా అనిపిస్తుంది. కానీ ఒకే ప్రాణం ఉన్న పిపీలికానికి తగిలిస్తే అది అక్కడికక్కడే చచ్చి రెండు కార్డులు చేతిలో పెడుతుంది. వచ్చిన కొద్ది నెలలకే, ఆ జూన్‌లో, దాన్ని నిషేధించారు. పల్నాటి సెట్‌లో చాప మీద కూర్చున్న ప్రతివాడికీ ప్రాణం ఒకటే. 'కొణతం' కార్డు మీద అంకె వేసేముందు వ్యాసకర్త చెయ్యి వణికిందంటే వణకదూ? బలం పెంచే అంకె ఒక్కటే వేసి, కోసే అంకె జోలికి పోలేదు.

వనవాసం దగ్గర మామతో మళ్లీ పేచీ. పందెంలో ఓడిన పక్షం ఏడేళ్లు అడవికి పోయింది. 'వనవాసం' కార్డు వేస్తే మన మనుషులు బల్ల దిగిపోయి, కొన్ని వంతుల తర్వాత రెట్టింపు బలంతో తిరిగి వస్తారు. ఎన్ని వంతులు? ఆట వేగం సెట్‌ను బట్టి ఉంటుంది. 2009 నాటి 'జెండికర్' డ్రాఫ్ట్‌లో దూకుడే రాజ్యం, నిదానస్తుడు కళ్లు తెరిచేలోపు అయిపోయేది. మరుసటి ఏడు అదే లోకం మీద వచ్చిన 'రైజ్ ఆఫ్ ది ఎల్‌డ్రాజీ'లో కొండంత జీవులు తీరిగ్గా వచ్చి నిలబడేవి. బాలచంద్రుడున్న బల్ల మీద ఏడు వంతులంటే అడవి నుంచి వచ్చేసరికి రాజ్యమే ఉండదు. మూడు చాలన్నాడు వ్యాసకర్త.

"మూడేళ్లకే తిరిగొచ్చేదాన్ని వనవాసం అనర్రా, గల్ఫ్ వీసా అంటారు."

చివరికి రాజీ కుదిరింది. కార్డు మీద ఏడు చింతగింజలు. వంతుకొకటి తీసేయాలి, కోడిపోరు నెగ్గితే అదనంగా మరొకటి. చరిత్ర ఏడుకు ఏడు, ఆట నాలుగైదుతో సరి.

కార్డుల తయారీ సంగతి చెప్పుకోదగ్గదే. జిరాక్స్ షాపులో రంగుల్లో అచ్చు వేయించి, కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగులో పాత పేకముక్కకు ముందు దోపాలి. ముందువైపు నాగమ్మ, వెనకవైపు ఇస్పేటు రాణి. ఎనిమిది మంది మగవాళ్లు గది తలుపేసుకుని, వెనక పేకముక్కలు కనబడుతుండగా, గట్టిగా "పందెం నాదే" అని అరుస్తుంటే ఎదురింటివాళ్లు ఏమనుకుంటారు? రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదని 1968లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి కిటికీలోంచి తొంగిచూసే పెద్దమనిషికి వివరించడం డ్రాఫ్ట్ కంటే కష్టం. అందుకని తలుపులు తీసే ఆడుతున్నారు. దాంతో ఎదురింటి పెద్దమ్మగారు కూడా వచ్చి కూర్చుంటోంది. 1966 నాటి పల్నాటి సినిమాలో నాగమ్మ వేషంలో భానుమతిని చూసిన మనిషి కావడంతో ఆమె మొదటి ప్యాకెట్‌లో ఏమున్నా నాగమ్మ కోసమే వెతుకుతుంది. పై కార్డు అడుక్కి తోసేటప్పుడు ఆవిడ కనుబొమ ఎత్తే తీరు చూస్తే ఎదుటివాడు సగం ఓడినట్టే.

అన్నిటికన్నా మొండి కార్డు బ్రహ్మనాయుడిది. కథలో గెలిచి కూడా నలగామరాజునే మళ్లీ సింహాసనం ఎక్కించి, తను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. గెలుపును ఇలా వాడుకునే మనిషికి నియమం రాసేదెలా? గెలిచినవాడు డెక్ మొత్తం ఓడినవాడికి ఇచ్చేసి లేచిపోవాలన్నాడు మామ. జిరాక్స్ బిల్లు ఎవరు కడతారన్నారు కుర్రాళ్లు. బేరాలయ్యాక కార్డు మీద ఇలా పడింది: బ్రహ్మనాయుడితో గెలిస్తే, వచ్చే డ్రాఫ్ట్‌లో మీ మొదటి ప్యాకెట్‌ను ఓడినవాడు ముందు చూసి, నచ్చిన కార్డు తీసుకుంటాడు. ఆ షరతు చదివాక కుర్రాళ్లెవరూ ఆ కార్డు ముట్టుకోవడం లేదు. మామ మాత్రం కనబడితే చాలు, మొదటి ముక్కగా అదే తీసుకుంటాడు. ఇంతవరకు ఆ షరతు అమలు చేయాల్సిన అవసరం ఆయనకు రాలేదు.