అప్పు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: అప్పున్నవాఁడె పాత్రము.

టీక: అప్పు = తీర్చవలసినది; ఉన్నవాఁడె = ఉన్నవాడు మాత్రమే, ఏకారం అవధారణార్థకం; పాత్రము = కథలో మనిషి. గిన్నె అనే అర్థం ఇక్కడ పొసగదు, గిన్నె తనంతట తాను కదలదు గనుక. ఈ మూలం కూడా వ్యాఖ్యాతే రాసుకున్నాడని గిట్టనివాళ్లంటారు. నిజమే.

తాత్పర్యం: ముక్కు తీరూ మాట యాసా ఎంత వర్ణించినా కథ అడుగు వెయ్యదు; ఆ మనిషికి ఏదో ఒకటి ఇప్పటికిప్పుడు కావలసి రావాలి. గురజాడ నాటకం కన్యాశుల్కంలో గిరీశాన్నే చూడండి. చుట్టా, ఇంగ్లీషు ముక్కలూ, కోతలూ అతన్ని మనకు గుర్తుండేలా చేస్తాయి. విజయనగరం నుంచి కృష్ణరాయపురం అగ్రహారానికి తరిమినవి మాత్రం అప్పులే. ఊళ్లో ముఖం చెల్లక, చదువు చెప్పే నెపంతో శిష్యుడు వెంకటేశం వెంట బయలుదేరతాడు. ఆ నెపం అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో అడుగు పెట్టిస్తే, అక్కడ ఆయన కూతురు, వితంతువు బుచ్చమ్మ ఉంది. బండి కట్టింది ఋణం; తక్కిన దారంతా తోలింది అతని నోరు.

ఇక్కడ పూర్వపక్షం: అసలు కథను తిప్పింది కరటక శాస్త్రి గదా, బుచ్చమ్మ చెల్లెలు, తన మేనకోడలు సుబ్బి పెళ్లి తప్పించడానికి శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి ముసలి వరుడు లుబ్ధావధాన్లకు అంటగట్టింది ఆయనే గదా అని. అవును, పన్నాగం ఆయనదే. కాని దాన్ని నడిపించిన కాళ్లు లుబ్ధావధాన్ల పిసినారితనానివి. చవక బేరమన్న ఆశ లేకపోతే మహేశం చీర కట్టుకుని ఎక్కడివాడక్కడే కూర్చునేవాడు.

వేశ్య మధురవాణి దగ్గర సూత్రం ఇరుకున పడుతుంది. ఆమె ఎవరికీ బాకీ లేదు. అయినా 1897 నాటి కూర్పును గురజాడ 1909లో దాదాపు తిరగరాసినప్పుడు బాగా పెరిగింది ఆమె పాత్రే, ఆమెతో పాటు నాటకమూ పెరిగింది. సమాధానం ఆమె కంటెలో ఉంది. ఆమెను ఉంచుకున్న రామప్పంతులు పెళ్లికని పట్టుకుపోయిన కంటె, ఆ వేషం పెళ్లికూతురితో పాటే మాయమౌతుంది. నా కంటె నాకు తెమ్మని ఆమె పట్టుబట్టాక పంతులికి నిద్ర ఉండదు. కాబట్టి అప్పు అంటే రావలసినది కూడానని అర్థాన్ని కాస్త లాగాలి. వ్యాఖ్యాతలకు ఈ పాటి లాగుడు అలవాటే.

మరి వకీలు సౌజన్యారావు? ఆయనకు ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. అందుకే కాబోలు, చివరికి కథే ఆయన గుమ్మం వెతుక్కుంటూ వస్తుంది. మధురవాణి మగవేషం వేసుకుని వెళ్లి, తన సాయానికి వెలగా ముద్దు అడిగేదాకా ఆయన ఎవరికీ బాకీ పడడు.