పౌడర్ కోటింగ్ వద్దు, బ్రష్షు పట్టండి

గద్వాలలో అడగండి, వనపర్తిలో అడగండి, నాగర్‌కర్నూలులో అడగండి. పాత గేర్ల సైకిల్‌కి మళ్లీ రంగు వేయించాలంటే అందరూ చెప్పేది ఒకటే మాట: "పౌడర్ కోటింగ్ చేయించు, ఇంక దాని జోలికి పోనక్కర్లేదు." నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఫ్రేముని బస్సెక్కించి కర్నూలుకో హైదరాబాదుకో మోసుకుపోకండి. స్ప్రే డబ్బాలూ కొనకండి. తలుపులకూ కిటికీ ఊచలకూ వేసే ఎనామెల్ తెచ్చి, అంగుళం బ్రష్షుతో మీ చేత్తో మీరే వేసుకోండి. ఈ సలహా విని సైకిల్ షాపువాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పౌడర్ కోటింగ్ మంచిది కాదని నేననడం లేదు. పొడి రూపంలో ఉన్న రంగుకి కరెంటు ఛార్జి ఎక్కించి లోహం మీదికి చల్లుతారు. ఆ తర్వాత ఓవెన్‌లో పెట్టి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది, ఇరవై నిమిషాలు కాలిస్తే పొడి కరిగి ఒకే పొరగా గట్టిపడుతుంది. ఆ పొర సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. మామూలు గీతలకు లొంగదు, చూడ్డానికీ బాగుంటుంది. గేటుకి వేయించండి, కిటికీకి వేయించండి, నేనేమీ అనను.

కానీ గేటు ఒకచోట కదలకుండా ఉంటుంది. గద్వాల వైపు నడిగడ్డలో సైకిల్ బతుకు వేరు. పొలం బాటలో ముందు చక్రం ఎగరేసే కంకర నేరుగా కింది పైపుకి తగులుతుంది. క్యారియర్ మీద యూరియా, పొటాష్ బస్తాలు ఎక్కుతాయి. రాలిన పొడి చెమ్మకు కరిగి, క్యారియర్ బిగించిన బోల్టుల చుట్టూ చేరుతుంది. పొటాష్‌లో ఉండే క్లోరైడు ఇనుమును తినేస్తుంది. పౌడర్ పొర ఒక్కచోట పెచ్చు లేచిందంటే ఆ అంచు కింద నీళ్లు చేరతాయి. లోపల తుప్పు పాకుతూ ఉంటుంది, పైన మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు గోరుతో గీకితే కోడిగుడ్డు పెంకులా ఊడివస్తుంది. అప్పుడు ఆ ముక్కకి మళ్లీ పౌడర్ వేయాలంటే ఓవెన్ కావాలి, అది మీ ఇంట్లో ఉండదు. మొత్తం ఒలిచి, మొదటి నుంచి కాల్చాల్సిందే. అచ్చంపేట నుంచి మన్ననూరు వైపు నల్లమల దారిలో తిరిగే సైకిల్‌కి దెబ్బలు ఎలాగూ తప్పవు. దెబ్బ తగిలిన సాయంత్రమే మీరు కూర్చుని సరిచేసుకోగల రంగు కావాలి. అది ఎనామెల్.

ఇంకో సంగతి. కోటింగ్ షాపుల్లో చాలావాటికి గ్రిల్సు, గేట్లే రోజువారీ పని. పాత రంగు ఒలవడానికి ఇసుక కొడతారు. మందపాటి గేటు పైపుకి ఆ దెబ్బ ఒక లెక్క కాదు, పలుచని సైకిల్ పైపుకి మాత్రం లెక్కే. పెడళ్ల ఇరుసు తిరిగే బీబీ గొట్టంలో మరలుంటాయి. వాటిని మూయకుండా పౌడర్ చల్లితే కప్పు మళ్లీ ఎక్కదు. ఆ గొట్టం అడుగునే సాధారణంగా ఫ్రేము నంబరు కొట్టి ఉంటుంది. రేపు సైకిల్ పోతే పోలీస్ స్టేషన్‌లో మీరు చెప్పుకోవలసింది ఆ నంబరే. మందపాటి పొర కింద అది పూడిపోతుంది. బ్రష్షు పని మీ చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ పలుచగా వేసి వదిలేయొచ్చు. ఏ రంగు వేసినా సరే, ముందు ఆ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

మొదట అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే స్టీలు, పని మొదలుపెట్టండి. అంటుకోకపోతే బహుశా అల్యూమినియం. అప్పుడు అసలు రంగే వేయకండి. అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు, గాలి తగిలితే తన మీద తానే పలుచని ఆక్సైడు పొర కట్టుకుంటుంది. కడిగి, మైనం రుద్ది, గీతలతో సహా తొక్కండి. కాస్టిక్ సోడాతో పాత రంగు పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు, అది అల్యూమినియాన్నే కరిగిస్తుంది. కార్బన్ ఫ్రేముని ఓవెన్ దరిదాపులకు కూడా తీసుకుపోకూడదు.

స్టీలు ఫ్రేముని పూర్తిగా విప్పండి. చాలా గేర్ల సైకిళ్లలో చైను వైపు బీబీ కప్పుకి ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక సుత్తితో కొట్టి మరలు పాడుచేసేవాళ్లున్నారు. ముందు ఫోర్కు దూరే గొట్టానికి పైపులు కలిసే అతుకులు పగటి వెలుతురులో చూడండి. సన్నని గీతలో తుప్పు రంగు కనిపిస్తే అది పగులు. రంగు పని ఆపి వెల్డరు దగ్గరికి నడవండి.

పాత రంగంతా ఒలవాలనుకోకండి. ఇక్కడే అందరూ నాతో గొడవ పడతారు. కంపెనీలో కాల్చి వేసిన రంగు గట్టిగా పట్టుకుని ఉన్నచోట, అంతకంటే మంచి ప్రైమరు మీకు దొరకదు. దాని మెరుపు పోయేదాకా నీళ్ల పేపరుతో రుద్దితే చాలు. ముందు 220, తర్వాత 400. తుప్పున్నచోట మాత్రం తెల్లని లోహం కనిపించేదాకా గీకండి. క్యారియర్ పట్టీ కింద స్క్రూడ్రైవర్ మొన పెట్టి చూడండి, పొరలు పొరలుగా గోధుమరంగు రజను రాలుతుంది. ఆ గుంట అడుగున నల్ల చుక్కలు మిగిలితే అవీ తుప్పే, వదలకండి. రుద్దడం తడితోనే రుద్దండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందటి సైకిల్ మీద ఏ రంగుందో ఎవరికి తెలుసు? ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోకూడదు.

గీకిన చోట అదే పూట రెడ్ ఆక్సైడ్ వేయండి. రేపటికి వదిలితే రాత్రి చెమ్మకే కొత్త తుప్పు పడుతుంది. గుంటలుంటే లప్పం పలుచగా. ఎనామెల్‌లో టర్పెంటైన్ కొద్దిగా కలిపి, పైపు పొడవునా లాగుతూ, ముందు అడుగు భాగాలు, చివర పై పైపు. ఎక్కువ ముంచితే కారి చుక్కలు కడుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, 600 పేపరుతో తేలిగ్గా తడిమి, రెండో పూత. మూడో పూత కూడా వేస్తే ఇంకా మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. మే ఎండలో బ్రష్షు గీతలు సర్దుకునేలోపే రంగు బిగుసుకుపోతుంది. వానల్లో మెరుపు మసకబారుతుంది.

రంగు ఎంచుకునేటప్పుడు మెషిన్‌లో కలిపించే ఛాయలు వద్దు. చిన్న ఊళ్లో కూడా 50, 100 మిల్లీలీటర్ల డబ్బాల్లో దొరికే నలుపు, ఎరుపు, ఫిరోజీ, ఆక్స్‌ఫర్డ్ బ్లూ తీసుకోండి, మూడేళ్ల తర్వాత కూడా అదే రంగు తెచ్చుకోవచ్చు. కంపెనీ స్టిక్కర్లు మళ్లీ అంటించకండి. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన బోర్డు ఆర్టిస్టులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. గీత కొట్టకుండానే ఒక్క ఊపులో అక్షరం వంపు తిప్పగల చేతులవి. అడిగినంత డబ్బిచ్చి మీ పేరో, మీ ఊరి పేరో రాయించుకోండి. ఫ్రేముకి పెట్టే ఖర్చులో అన్నిటికంటే సార్థకమైనది ఇదేనని నా గట్టి నమ్మకం.

రంగు గట్టిపడ్డాక పైపుల లోపలికి అవిసె నూనె పోసి, ఫ్రేముని అటూఇటూ తిప్పి, మిగిలింది కార్చేయండి. తుప్పు లోపలి నుంచి కూడా వస్తుంది, దాన్ని ఏ కోటింగూ ఆపలేదు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లలో ముంచండి.

చేతికి అంటకపోతే రంగు ఆరినట్టే, కానీ గట్టిపడినట్టు కాదు. కనీసం రెండు వారాలు క్యారియర్ బిగించకండి, బిగిస్తే పట్టీ అచ్చు పడిపోతుంది. మిగిలిన ఎనామెల్‌ని చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, మూత బిగించి పెట్టుకోండి. ఏటా మృగశిర కార్తెకు ముందే ఫ్రేమంతా ఒకసారి చూసి, దెబ్బ తిన్న చోటల్లా గీకి, రెడ్ ఆక్సైడ్ పెట్టి, ఆ సీసాలోంచి రెండు చుక్కలు వేయండి.