పళ్ళసెట్టు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “పడుకునే ముందు తీసి, తోమి, నీళ్ళలో వేయండి.”

అవతారిక: ఈ సూత్రానికి కర్త లేడు. పళ్ళ డాక్టరు సెట్టు చేతిలో పెట్టి, మనిషి గుమ్మం దాటేలోగా చెప్పే మాట ఇది. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు, దీనికి ఎవరూ దొరకలేదు. అందుకే ఆరు పదాల వాక్యం నెల్లూరులో బస్సెక్కి మైపాడులో దిగేసరికి మూడు నాలుగు అర్థాలు మూటగట్టుకుంటుంది.

శాస్త్రారంభంలో నాలుగు సంగతులు తేల్చాలి. అధికారి ఎవరు? కొన్ని పళ్ళు పోయి, కొన్ని మిగిలినవారు. అన్నీ పోయినవారిది వేరే శాస్త్రం. విషయం ఏమిటి? తీసి పెట్టుకునే సెట్టు. గులాబీరంగు అక్రిలిక్ ప్లేటు మీద గానీ, కోబాల్టు క్రోమియం చట్రం మీద గానీ పళ్ళు అమర్చి చేసేది. సంబంధం? సెట్టుకూ నోటికీ సంబంధం క్లిప్పు. అది పక్కపన్నును పట్టుకుని సెట్టును నిలబెడుతుంది. ప్రయోజనం? మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు.

అధికారుల్లోనూ తరగతులున్నాయి. 1925లో అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ కెనడీ వాటిని నాలుగుగా విడగొట్టాడు. రెండువైపులా వెనక పళ్ళు పోతే మొదటి తరగతి, ఒకవైపే పోతే రెండోది. ఖాళీకి ముందూ వెనకా పళ్ళుంటే మూడోది, ముందుపళ్ళ ఖాళీ నడిగీత దాటితే నాలుగోది. మొదటివారిది గడ్డుపాటు. వెనక ఆనుకోవడానికి పన్ను లేక సెట్టు చిగురు మీద వాలుతుంది, నమిలినప్పుడల్లా అణిగి లేస్తుంది.

పూర్వులలో జార్జి వాషింగ్టన్ స్మరణీయుడు. 1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏకదంతుడు. ఆ ఒక్క పన్ను కోసం కింది సెట్టుకు బెజ్జం పెట్టారు.

నెల్లూరుకూ దంతచరిత్రలో చోటుంది. మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి దేశంలో వచ్చిన తొలి శాస్త్రీయ నివేదిక, 1937లో షార్ట్ బృందం అచ్చువేసినది, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. అదే ఏడు వాల్టర్ రైట్ పళ్ళసెట్లకు అక్రిలిక్‌ను పరిచయం చేశాడు. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు. వ్యాఖ్యాతలకు ఇలాంటివి చెప్పకపోతే నిద్రపట్టదు.

ఇక ప్రతిపదార్థం.

పడుకునే ముందు = రాత్రి నిద్రకు ముందు. పూర్వపక్షం: “అర్ధరాత్రి అల్లుడొస్తే బోసినోరు కనబడదా?” సిద్ధాంతం: పగలంతా ప్లేటు కింద మగ్గిన చిగురుకు రాత్రైనా గాలీ లాలాజలమూ తగలాలి. లేకపోతే క్యాండిడా అనే శిలీంధ్రం పెరిగి, ప్లేటు కింద అంగిలి ఎర్రబారుతుంది. పైగా చిన్న సెట్టు నిద్రలో ఊడి గొంతులోకి జారితే క్లిప్పులు అన్నవాహికలో గుచ్చుకుంటాయి. ఒట్టి అక్రిలిక్ ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదు కూడా. అల్లుడు తలుపు కొట్టాక పెట్టుకున్నా ఆలస్యం కాదు.

తీసి = రెండు పక్కలా వేళ్ళు ఆనించి, నిదానంగా అని అధ్యాహారం. ఒక్క పక్కనే లాగితే క్లిప్పు వంగుతుంది. పొద్దున పెట్టుకునేటప్పుడు కూడా వేళ్ళతోనే కూర్చోబెట్టాలి. నోట్లో వేసుకుని కొరికి బిగించడం శాస్త్రవిరుద్ధం.

తోమి = దేన్ని? మూలంలో కర్మ లేదు. పామరులు “సెట్టును” అని సరిపెట్టుకుంటారు. అదీ నిజమే. మెత్తని బ్రష్షు, కాస్త సబ్బునీళ్ళు చాలు. పేస్టులోని గరుకు అక్రిలిక్‌ను గీరుతుంది, ఆ గీతల్లో పాచి కాపురం పెడుతుంది. కింద గిన్నెలో నీళ్ళు పెట్టుకు తోమితే చెయ్యిజారినా సెట్టు పగలదు. కానీ సూత్రకారుడి హృదయం మరొకటి: మిగిలిన పళ్ళను కూడా తోమాలి. క్లిప్పు పట్టిన పన్ను చుట్టూనే పాచి ఎక్కువ చేరుతుంది. అది పుచ్చి ఊడితే సెట్టుకు పట్టు పోతుంది, మళ్ళీ కొలతల దగ్గర్నుంచి మొదలు. మెరిసే సెట్టును అరచేతిలో పెట్టి చూపించి, దాన్ని మోసే పన్నును గాలికొదిలేసేవారే ఈ పదాన్ని సగం చదివినవారు.

నీళ్ళలో = మామూలు చల్లని నీళ్ళలో. పాఠాంతరాలు మూడు. “మరిగే నీళ్ళలో” అన్నది ప్రక్షిప్తం, అక్రిలిక్ వంకరపోతుంది. “బ్లీచింగు నీళ్ళలో” అన్నది లోహాన్ని తినేస్తుంది. “కాగితంలో చుట్టి” అన్న పాఠం అన్నిటికన్నా ప్రమాదం. ఎండిన ప్లేటు ఆకారం మారడం ఒక ఎత్తు, చెత్త అనుకుని ఎవరో ఊడ్చి పారేయడం ఇంకో ఎత్తు.

వేయండి = గౌరవార్థక బహువచనం. పొద్దున కడిగి పెట్టుకోవడం ఇందులోనే ఇమిడి ఉంది.

విశేషం: మూలకారుడు కోస్తావాడు కాడని ఇక్కడ తేలిపోతుంది, ముల్లు ప్రసక్తే లేదు. ముల్లు ఉందని ముందు పసిగట్టేవి నాలుకా అంగిలీ. పైసెట్టు ప్లేటు అంగిలిని కప్పేస్తే ఆ కాపలా సగం పోతుంది. సెట్టు ఉన్నవారు తెలియకుండా ముల్లు మింగే ప్రమాదం ఎక్కువని వైద్యులు చెప్పేది అందుకే. కొత్త సెట్టువారు మొదట మొలగొలుకుల అన్నం మెత్తగా వండించుకుని, వంజరం ముక్కను చిన్నచిన్నగా చేసుకుని, రెండు దవడలతోనూ నమలడం నేర్చుకోవాలి. సన్నముళ్ళ కవళ్ళను వేళ్ళతో విడదీసి చూసుకున్నాకే నోట్లో పెట్టుకోవాలి. పాకం ముదిరిన ఉండలు సెట్టునే లాక్కుపోతాయి.

తాత్పర్యం: ఏళ్ళు గడిచేకొద్దీ దవడ ఎముక అరుగుతుంది, సెట్టు వదులవుతుంది. అప్పుడు పట్టకారుతో క్లిప్పు వంచుకోకుండా, ఆకురాయితో ప్లేటు అరగదీయకుండా డాక్టరు దగ్గరికి వెళితే లోపలి పొర మార్చి బిగుతు చేస్తారు. ఒరుపు పుండు పడ్డా అక్కడికే వెళ్ళాలి.

గద్య: ఇది శ్రీవిక్రమసింహపురీ పరిసర నివాస, పులుసు రసాస్వాదన ధురంధర, కతిపయ దంత విరాజితుండైన వ్యాఖ్యాతచే విరచితంబైన పళ్ళసెట్టు వ్యాఖ్యానంబునందు సర్వంబును ఏకాశ్వాసము.