చరిత్రతో సహా అమ్మబడును

2025 జూన్‌లో ఓక్లహామా సిటీ థండర్ జట్టు ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ కప్పు గెలిచింది. మా ఊరికి తొలి కప్పని జనం వీధుల్లోకొచ్చి ఊగిపోయారు. లీగ్ చిట్టా తిరగేస్తే మాత్రం ఆ ఫ్రాంచైజీకి ఇది రెండోది. మొదటిది 1979 నాటిది. అప్పుడు జట్టు పేరు సూపర్‌సోనిక్స్. ఊరు రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు అవతలున్న సియాటెల్. ఆ కప్పూ, ఆనాటి జెండాలూ సియాటెల్‌లోనే ఉండిపోయాయి. ఓక్లహామా వాళ్లు ఆ జెండా తమ స్టేడియంలో కట్టుకోనూ లేదు. గెలిచిన ఊరికి జట్టు లేదు, జట్టున్న ఊరు అది గెలవలేదు, కాగితం మీద మాత్రం కప్పు భద్రంగా ఉంది. మన రెవెన్యూ రికార్డుల్లో చెరువు ఉన్నట్టు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ల నోట రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి: వారసత్వం, సంస్కృతి. యజమాని గారు కోటు సవరించుకుని మైకు ముందుకొస్తే చాలు, అభిమానులంతా ఒకే కుటుంబం అయిపోతారు, జెర్సీ వెనక తరాల చరిత్ర పుట్టుకొస్తుంది. చరిత్ర ఉన్నమాట నిజమే. దానికి మార్కెట్ ధర ఉంది, బదిలీ చేసుకునే హక్కుంది, ట్రక్కులో పట్టే సౌలభ్యం కూడా ఉంది.

సూపర్‌సోనిక్స్ కథ పేరుతోనే మొదలవుతుంది. 1967లో జట్టు పుట్టినప్పుడు సియాటెల్‌లో బోయింగ్ కంపెనీ ధ్వనిని మించిన వేగంతో వెళ్లే ప్రయాణికుల విమానం తయారుచేసే పనిలో ఉంది. ఆ ముచ్చటతో జట్టుకా పేరు పెట్టారు. 1971లో ప్రాజెక్టు రద్దయింది. విమానం ఎగరనే లేదు. జట్టు మాత్రం 2008లో ఎగిరిపోయింది.

ఎగరగొట్టిన విధానం చూడాలి. కాఫీ అమ్మి లోకాన్ని జయించిన స్టార్‌బక్స్ హోవార్డ్ షుల్ట్స్ 2001లో ఈ జట్టును సుమారు 20 కోట్ల డాలర్లకు కొన్నారు. స్టేడియం విస్తరణకి ప్రజల సొమ్ము కావాలని అడిగారు. రాలేదు. 2006లో 35 కోట్లకు ఓక్లహామా సిటీ వ్యాపారి క్లే బెనెట్ బృందానికి అమ్మేశారు. కొన్నవాళ్లు ఓక్లహామా వాళ్లు, డబ్బు ఓక్లహామాది, అంతకు ముందు ఏడాదే కత్రినా తుపాను దెబ్బకి న్యూ ఆర్లీన్స్ జట్టు ఓక్లహామా సిటీకొచ్చి తలదాచుకుని ఆ ఊరికి బాస్కెట్‌బాల్ రుచి చూపించింది. అయినా జట్టు సియాటెల్‌లోనే ఉంటుందని అమ్మినాయన నమ్మారట. అంత అమాయకత్వంతో అన్ని కొట్లు ఎలా తెరిచారో! 2008లో అమ్మకాన్ని రద్దు చేయమని తనే దావా వేశారు, నాలుగు నెలలు తిరిగాక తనే వెనక్కి తీసుకున్నారు.

కొన్నవాళ్లు ఒక ఏడాదిపాటు చిత్తశుద్ధితో సియాటెల్ చుట్టుపక్కల స్టేడియం కోసం ప్రయత్నిస్తామని ఒప్పుకున్నారు. ఆ చిత్తశుద్ధి లోతెంతో 2007లో భాగస్వాముల్లో ఒకరు ఓ పత్రికతో నోరు జారి బయటపెట్టారు. సియాటెల్‌లో ఉంచడానికి కొనలేదు అనేశారు. లీగ్ ఆయనకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. అబద్ధమాడినందుకు కాదు సుమా. ఇంకో భాగస్వామి జట్టును త్వరగా మన ఊరికి తేలేమా అని ఈమెయిల్‌లో అడిగితే, బెనెట్ గారు నాకు పూనకం వచ్చినట్టుంది, చేయగలిగిందంతా చేస్తాను అని జవాబిచ్చారు. ఆ మెయిళ్లు కోర్టులో బయటపడ్డాక, ఆ పూనకం సియాటెల్‌లో ఉండిపోవడం కోసమేనని వివరణ ఇచ్చారు. ఏ దేవత పూనిందో భక్తులే తేల్చుకోవాలి.

ఈలోగా సియాటెల్ ఓటర్లు ఓ మహాపరాధం చేశారు. నగరం స్టేడియాల మీద డబ్బు పెడితే కనీసం ప్రభుత్వ బాండ్ల మీద వచ్చేంత రాబడైనా రావాలని 2006లో ఓటేసి చట్టం చేసుకున్నారు. వారసత్వం మీద వడ్డీ అడుగుతారా? కుటుంబంలో ఇవేం లెక్కలు?

లీజు తీరకుండా ఎలా వెళ్తారని నగరం కోర్టుకెక్కింది. తీర్పు వెలువడాల్సిన రోజునే రాజీ కుదిరింది. నగరానికి నాలుగున్నర కోట్ల డాలర్లు. పేరు, రంగులు, లోగో రేపెప్పుడైనా కొత్త జట్టు వస్తే వాడుకోవడానికి సియాటెల్‌కి. ఆటగాళ్లు ఓక్లహామాకి. అప్పటికి సియాటెల్‌లో ఒక్క సీజన్ ఆడిన కెవిన్ డ్యురాంట్‌ కూడా ఆ సామాన్లలోనే వెళ్లాడు. 41 సీజన్ల చరిత్ర ఇద్దరికీ ఉమ్మడి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉద్యోగాలకని ఆ తర్వాత సియాటెల్‌లో దిగిన మన తెలుగువాళ్లు సీజన్ మ్యాచ్ చూడాలంటే పోర్ట్‌లాండ్ దాకా కారు తోలాలి. ఉమ్మడి చరిత్రలో సగం మాత్రం ఇంటి దగ్గరే ఉంది.

ఇంతకన్నా ముచ్చటైన దస్తావేజు షార్లెట్‌ది. అక్కడ 1988లో పుట్టిన హార్నెట్స్ 2002లో న్యూ ఆర్లీన్స్‌కి వెళ్లిపోయింది. 2004లో షార్లెట్‌కి బాబ్‌క్యాట్స్ అని ఇంకో జట్టిచ్చారు. 2013లో న్యూ ఆర్లీన్స్ వాళ్లు పెలికాన్స్‌గా పేరు మార్చుకున్నారు. మరుసటేడు బాబ్‌క్యాట్స్ హార్నెట్స్ అయింది, 1988 నుంచి 2002 దాకా ఉన్న చరిత్రంతా దాని పేర రాసేశారు. ఫలితంగా 2002లో సామాన్లు సర్దుకుని న్యూ ఆర్లీన్స్‌లో దిగిన జట్టు, లీగ్ రికార్డుల ప్రకారం ఆ ఏడే అక్కడ కొత్తగా పుట్టింది. అంతకు ముందు నెలలో ఆడిన మనుషులు ఎవరు అని అడక్కండి, పురాణాల్లో ఇలాంటివి మామూలే.

లేకర్స్ సంగతి లోకానికి తెలిసిందే. సరస్సుల సీమ మినియాపొలిస్‌లో పెట్టిన పేరును 1960లో లాస్ ఏంజెలెస్‌కి మోసుకెళ్లి, మినియాపొలిస్‌లో గెలిచిన అయిదు టైటిళ్లనూ లెక్కలో కలుపుకుని 17 అంటారు. కలపకపోతే బోస్టన్‌తో పోటీకి సరిపోవు మరి. జాజ్ సంగీతం పుట్టిన న్యూ ఆర్లీన్స్ నుంచి 1979లో సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిన జట్టు ఆ పేరునీ పట్టుకుపోయింది.

మనకిది కొత్త అనుకోకండి. 2009లో జొహానెస్‌బర్గ్‌లో డెక్కన్ చార్జర్స్ గెలిచిన ఐపీఎల్ కప్పు ఎవరిదో హైదరాబాద్‌లో ఎవరినైనా అడగండి. ఫ్రాంచైజీని 2012లో రద్దు చేశారు, తర్వాతి ఏడు సన్‌రైజర్స్ కొత్త ఖాతా తెరిచింది. అమెరికాలో కప్పుని పంచుకుంటారు, మన దగ్గర అనాథని చేస్తారు. ఏ పద్ధతి నాగరికమో నాకు తేలలేదు.

ఓక్లహామా సిటీ మాత్రం సియాటెల్ చేసిన తప్పు చేయలేదు. పాత స్టేడియం అమ్మకపు పన్నుతో కట్టిందే, 2008లో మెరుగులూ ఆ పన్నుతోనే. 2023 డిసెంబరులో కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త స్టేడియానికి మళ్లీ పన్ను కడతామని ఓటర్లే ఆమోదించారు. అందులో యజమానుల వాటా 5 కోట్లు. ఊరు ఓటేస్తే కొత్త స్టేడియంలో 25 ఏళ్లు ఆడతామని జట్టు ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంది. సియాటెల్‌తో లీజు కూడా రాతపూర్వకమే, 2010 దాకా. మిగిలిన ఆ రెండేళ్లకే నాలుగున్నర కోట్లు.