తెలుగు మాట వినబడితే చాలు

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనేవారు పూర్వం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట నూరుమంది దాకా పరివారం, డేరాలు. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీ, నాలుగైదు భాషలు వచ్చినవాడు. అయినా ప్రతి మజిలీలోనూ ఊరు ఎలాంటిది, నీళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా అని రాసుకుంటూ నడిచాడు. పాపం, చాదస్తం. మనకా అవస్థ లేదు. రైలుంది, ఫోనుంది, 'కాశీ వెళ్ళేవారు తప్పక చదవండి' అంటూ చుట్టాలు పంపిన వాట్సాప్ సందేశాలు పదిహేడున్నాయి. పోయిన ఏడు మేము నలుగురం (నేను, మా ఆవిడ, బావగారు, పెద్దమ్మ) వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాం కాబట్టి పద్దెనిమిదోది నేను రాస్తున్నాను.

భద్రత పంచాంగంతో మొదలవుతుంది. సోమ, శనివారాలు తూర్పుకు వారశూల. మంగళ, బుధవారాలు ఉత్తరానికి. కాశీ మనకు ఉత్తరమా, ఈశాన్యమా అన్నది తేలడానికే మా ఇంట్లో రెండు రోజులు పట్టింది. చివరికి ఏ గొడవా లేకుండా గురువారం ఖాయం చేశాం. వర్జ్యం చూశాం, దుర్ముహూర్తం చూశాం, ఎదురు రావడానికి పక్కింటి ముత్తయిదువను ముందురోజే మాట్లాడి పెట్టుకున్నాం. ఇన్ని చూసినవాళ్ళకు గది బుక్ చేసిన వెబ్‌సైటు అసలుదో నకిలీదో చూసే ఓపిక ఎక్కడిది? చూడక్కర్లేదు కూడా. సత్రం పేరు ఫోన్లో కొట్టండి, మొదట కనబడ్డ నెంబరుకు చెయ్యండి. అవతలివాడు "చెప్పండమ్మా" అన్నాడంటే ఇక అనుమానించడం పాపం. అడ్వాన్సు పంపండి. "రాలేదమ్మా, సర్వర్ ప్రాబ్లం" అంటే మళ్ళీ పంపండి. సైబర్ మోసాలకు 1930 అనే నెంబరొకటుంది. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. అందుకని ప్రయాణానికి ముందు శకునం చెడగొట్టుకోకుండా, తిరిగొచ్చాక తీరిగ్గా చెయ్యండి. మేమలాగే చేశాం.

ఇంటికి తాళం వేశాక గుమ్మం ముందు సూట్‌కేసులతో నిలబడి ఫోటో దిగి స్టేటస్‌లో పెట్టండి. 'పదిరోజులు కాశీలో' అని రాయడం మరవొద్దు. దొంగైనా వచ్చిపోయే తేదీలు తెలిస్తేనే కదా ప్లాన్ చేసుకునేది.

డబ్బు విషయంలో మా పెద్దమ్మను మించిన గురువు లేరు. ఆవిడ టైలరు దగ్గర కూర్చుని మరీ లోపలి లంగాకు జేబు కుట్టించుకుంది. మూతికి రెండు సేఫ్టీ పిన్నులు. అందులో ఇరవై వేలు, మడతమీద మడత, పైన ప్లాస్టిక్ కవరు. ఎవరికీ చెప్పలేదు, చివరికి నాకు కూడా. అయితే సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది మొదలు పది నిమిషాలకోసారి ఎడమచేత్తో నడుము దగ్గర తడుముకుంటుంది. తడమగానే కవరు గరగరమంటుంది. ఆ చప్పుడు విని పెద్దమ్మ ముఖం తేటపడుతుంది, కళ్ళు మూసుకుని "విశ్వనాథా" అంటుంది. కాజీపేట దాటేసరికి ఎదురు బెర్తువాళ్ళకు తెలిసిపోయింది. బల్లార్షాలో టీ అమ్మేవాడికి తెలిసింది. నాగపూర్ వచ్చేసరికి బోగీలో చంటిపిల్ల కూడా ఆవిడ నడుం వైపే చూస్తోంది. సొమ్ము ఎక్కడ దాచామో అందరికీ తెలిస్తే అందరూ ఓ కన్నేసి ఉంచుతారు, అదో రక్షణ.

సూట్‌కేసుకు గొలుసు వేసి బెర్తు కిందికి తాళం బిగించండి. ఆ తాళంచెవి ఎక్కడో పడిపోతుందని భయం కదా, కిటికీ పక్కనున్న కొక్కేనికి తగిలించండి. అపరిచితులిచ్చిన తినుబండారాలు తినొద్దని రైల్వేవాళ్ళు మైకులో చెబుతూనే ఉంటారు. తినం. ఒకాయన హిందీలో "లీజియే" అంటూ బిస్కెట్టు చాపితే, ఆయన వైపు మేం చూసిన చూపుకి పాపం మరుసటి స్టేషన్ దాకా తలెత్తలేదు. అటుపక్క బెర్తులో వరంగల్ దంపతులు పులిహోర డబ్బా మూత తీశారు. నలుగురం చేతులు చాపాం. తెలుగువాళ్ళు అపరిచితులెలా అవుతారు?

దిగాల్సిన స్టేషన్ పేరు పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి, టికెట్టు మీద చూడకండి. మొగల్‌సరాయ్‌లో దిగాలని మా బావగారికి వాళ్ళ నాన్నగారు చెప్పిన లెక్క. ఆ స్టేషన్‌కు 2018లో దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు మార్చారు. రైలు ఆగింది. బావగారు కిటికీలోంచి బోర్డు చదివి, "ఇది కాదు, ఇదేదో పెద్దమనిషి పేరు" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నారు. కూలీ ఒకడు "బనారస్, బనారస్" అని అరవబట్టి సరిపోయింది గానీ, లేకుంటే బీహార్‌లో బక్సర్ చూసుకుని వచ్చేవాళ్ళం.

ఇక అసలు ఘట్టం స్టేషన్ బయట. ఆటోవాళ్ళు నలభైమంది చుట్టుముడతారు. అందరూ హిందీవాళ్ళే, అంటే అందరూ మోసగాళ్ళే అన్నమాట. అప్పుడు వెనకనుంచి వినబడుతుంది: "తెలుగువాళ్ళా? రండమ్మా రండి, ప్రయాణం బాగా జరిగిందా?" పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాయనా, ఏ ఊరు బాబూ మీది?" అంది. వాడిది కాశీయే. తాతల నాటినుంచి తెలుగు యాత్రికులు వస్తూనే ఉన్న ఊరు. మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ వైపు సందుల్లో తెలుగు బోర్డులు, తెలుగు సత్రాలు, తెలుగులో బేరమాడే పడవవాళ్ళు. మన భాష వాళ్ళకు బతుకుతెరువు. నేర్చుకున్నందుకు మెచ్చుకోవాలి. మనం మెచ్చుకుంటాం, ఆ వెంటనే బేరం మానేస్తాం. కాశీలో ఇష్టమైనదొకటి వదిలెయ్యాలంటారు కదా. పెద్దమ్మ కాకరకాయ వదిలింది, బావగారు జామపండు. నేను బేరమాడటం వదిలేశాను, అదీ గంగ కనబడక ముందే.

ఆటో గదికి వెళ్ళలేదు. "దారిలో మావాళ్ళ మగ్గం ఉందమ్మా, కొనక్కర్లేదు, ఊరికే చూడండి" అన్నాడు. మగ్గం ఉంది, నిజమే. దానిమీద దుమ్ము కూడా ఉంది. దాటి లోపలికెళ్తే తెల్లపరుపులు, దిళ్ళు, చిన్న గ్లాసుల్లో టీ. కుర్రాడొకడు మెరూన్ రంగు చీర మా ఆవిడ ఒళ్ళో పరిచాడు. అసలు పట్టు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళమధ్య పొడైపోతుంది. నైలాన్ అయితే కరిగి ముద్ద కడుతుంది. ఈ సంగతి మా ఆవిడకు తెలుసు, వాడికీ తెలుసు. "కాల్చి చూపిస్తానమ్మా" అని వాడే అగ్గిపుల్ల గీశాడు. దారం అంటుకుంది, వెంట్రుక వాసన వచ్చింది, బూడిద పొడి అయ్యింది. మా ఆవిడ గెలిచినట్టు నావైపు చూసింది. నేను చూసిందల్లా ఆ దారం రంగు. చీర మెరూను, దారం పసుపు. అది వాడి చొక్కాజేబులోంచి వచ్చింది. చెబుదామనుకున్నాను. పెద్దమ్మ అప్పటికే జేబు పిన్నులు విప్పేస్తోంది. బెనారస్ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అసలు పట్టుకు సిల్క్ మార్క్ చీటీ ఉంటుంది. ఇవన్నీ హైదరాబాద్‌లో కొట్టుకెళ్ళినప్పుడు అడుగుదురుగాని. పరదేశంలో తెలుగు మాట్లాడిన పిల్లాణ్ణి చీటీ చూపించమనడం మర్యాద కాదు.

గుడిలోకి ఫోన్లు, పెన్నులు రానివ్వరు. 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక దారి విశాలమైంది గానీ ఈ నియమం మారలేదు. "లాకర్ ఉచితం, పూజబుట్ట కొంటే చాలు" అన్న కొట్లో ఫోన్లిచ్చేయండి. పిన్ నెంబరు కవరు వెనక రాసిపెట్టుకుంటే మర్చిపోతామన్న బెంగ ఉండదు. మణికర్ణిక దగ్గర ఒకాయన ఎదురై, దిక్కులేని ముసలివాళ్ళ చితికి కట్టెలు కావాలని, కిలో ఇంత అని చెబుతాడు. డబ్బు ఎక్కడికి పోతుందని అడగకండి. ఆ పక్కనే చితులు కాలుతుంటే రసీదు అడిగే మొహం ఎవరికుంటుంది? ఆయనకది మనకంటే బాగా తెలుసు.

పడవ విషయంలో మాత్రం నాకు వెటకారం రావడం లేదు. పదిమంది పట్టే పడవలో ఇరవైమందిమి ఎక్కాం. లైఫ్ జాకెట్లు ఒక మూల కుప్పగా ఉన్నాయి, వాసనొస్తున్నాయని ఎవరూ ముట్టుకోలేదు. జాకెట్టు వేసుకుంటే ఫోటోలో చీర కనబడదని కూడా ఒకావిడ అంది. వరద తీసిన కొత్త, మెట్లమీద ఇంకా ఒండ్రుంది. దిగేటప్పుడు బావగారి కాలు జారింది. పట్టుకున్నది ఎవరనుకున్నారు? రైల్లో బిస్కెట్టు ఇవ్వబోయిన పెద్దమనిషి. "సంభాల్‌కే, సంభాల్‌కే" అంటూ రెట్ట పట్టి పైకి లాగాడు. బావగారు థాంక్స్ చెప్పి, పక్కకొచ్చి పర్సు ఉందో లేదో చూసుకున్నారు.

ఉంది.

ఇంటికొచ్చాక కాలభైరవుడి నల్లదారాలు, సీలువేసిన గంగచెంబులు పంచాం. మెరూన్ చీర మొదటి ఉతుకులోనే నీళ్ళన్నీ మెరూన్ చేసింది. మా ఆవిడ దాన్ని బీరువా అడుగున పెట్టి, ఆ మాట ఎత్తొద్దంది. నిన్న వీధి చివర ఇంటాయన వచ్చాడు. వచ్చే నెల వాళ్ళూ కాశీ వెళ్తున్నారట, అక్కడ అంతా హిందీ కదా, భయంగా ఉందన్నాడు.

"భయమెందుకండీ" అంది మా ఆవిడ, నా ఫోను తీసి ఆటో అబ్బాయి నెంబరు వెతుకుతూ. "మా పేరు చెప్పండి, చక్కగా తెలుగు మాట్లాడతాడు."