ఖాళీగా కనిపించే సీసా

ఈ సీసాను వెలుతురుకి ఎత్తి చూస్తే లోపల ఏమీ లేనట్టే ఉంటుంది. అడుగున పొరలా కాస్త పొడి, అందులో నానోగ్రాముల్లో విషం. శాస్త్రంలో పేరు బోటులినమ్ టాక్సిన్, జనం నోట బొటాక్స్. ఆత్మకథ చెప్పమంటే ‘నేను’ అనడానికి దీనికి మొహమాటం. వంశంలో ప్రాణాలు తీసినవాళ్లూ ఉన్నారు, కళ్లు సరిచేసినవాళ్లూ ఉన్నారు, ఎవరిని నేననుకోవాలి? అందుకే తన కథను ఎవరిదో అన్నట్టు చెప్పుకుంటుంది.

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో, అంత్యక్రియలకు వచ్చిన బ్యాండు మేళం వాళ్లు నిల్వ ఉంచిన పంది తొడ మాంసం తిన్నారు. చాలామంది మంచం పట్టారు, ముగ్గురు పోయారు. ఆ మాంసంలోంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ దీని పూర్వీకుడైన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. దాని విషం నరం పంపే కబురును కండరానికి చేరనివ్వదు, కండరం చచ్చుబడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టరు అలన్ స్కాట్ ఈ గుణాన్నే మందు చేశాడు. ముందు కోతులకు, తర్వాత మెల్లకన్ను ఉన్న మనుషులకు. 1989లో అమెరికాలో అనుమతి దొరికింది.

కంటి దగ్గరే ఆగిపోతే గొడవే లేదు. బరువు తగ్గించడానికని దీన్ని కడుపులోకీ పంపారు.

తిన్నదాన్ని నలిపి పేగుల్లోకి నెట్టేది కడుపు కింది భాగంలోని కండరం. దాన్ని వదులు చేస్తే తిండి ఎక్కువసేపు లోపలే ఉంటుంది, ఆకలి తగ్గుతుందన్నది ఆశ. నోట్లోంచి ఎండోస్కోపు దిగుతుంది, దాని లోపలి సన్నని దారిలో సూది వస్తుంది. కోత లేదు, కుట్టు లేదు. కొన్ని నెలలకు మందు ప్రభావమూ ఉండదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 60 మంది స్థూలకాయుల మీద పరీక్షించి, 2013లో ఫలితం ప్రచురించారు. 300 యూనిట్లు ఎక్కినవాళ్ల కడుపు నిజంగానే నెమ్మదించింది. బరువు మాత్రం ఉత్తుత్తి మందు పొందినవాళ్లకన్నా ఎక్కువేమీ తగ్గలేదు. కడుపు నెమ్మదించినా కంచం వైపు వెళ్లే చెయ్యి నెమ్మదించలేదు కాబోలు!

అయినా గిరాకీ తగ్గలేదు. 2023 తొలి నెలల్లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ నుంచి కొందరు ఈ సూది కోసం టర్కీ వెళ్లారు. ఇంటికి చేరాక మింగుడు పడలేదు, కనురెప్పలు వాలాయి, ఒకటి రెండుగా కనిపించింది. టర్కీలోని స్థానికులతో కలిపి మార్చి మధ్యకి బాధితులు 70 దాటారు. కొందరిని ఐసీయూలో పెట్టి విరుగుడు ఇవ్వాల్సి వచ్చింది. వాడింది దొంగ సరుకేమో అనుకున్నారు. విచారణలో తేలిందేమిటంటే, సీసాలు లైసెన్సు ఉన్నవే. ఊబకాయానికి కడుపులో పొడిచే అనుమతే వాటికి లేదు.